వంతెన మరమ్మతు ముగిసినదని చెప్పవలసిన వారెవరు?

పాతయింటి గోడ బీటలు వారినప్పుడు గృహస్థులు చేయు పని రెండు విధములుగా నుండును. పునాది క్రుంగినదో, దూలమునకు చెద పట్టినదో, బీట యెందువలన కలిగినదో కనుగొని ఆ కారణమును తొలగించుట మొదటిది. బీటలో సున్నము కూరి, పైన వెల్ల వేయించి, పండుగకు వచ్చు చుట్టములకు కనబడకుండ చేయుట రెండవది. రెండవ పని చేయించినవాడును తాను మరమ్మతు చేయించితిననియే చెప్పుకొనును. అతడు బొంకుట లేదు. కూలి యిచ్చినాడు, సున్నము కొన్నాడు, గోడ తెల్లనైనది. కాని యా గోడ మునుపటికంటె నపాయకరమైనది. ఏలయన, మునుపు బీట తన యునికిని తానే చాటుచుండెను. ఇప్పుడది నోరు మూసికొన్నది.

ఒక యింట నిట్టి మరమ్మతు జరిగినచో కీడు ఆ యింటికే. రైలు వంతెన సంగతి యట్టిది కాదు. వంతెనపై బోవు ప్రయాణికుడు దాని స్తంభములను చూడజాలడు. చూచినను వాని బలాబలము లెరుగడు. టిక్కెట్టు కొన్న క్షణముననే యాతడు తన ప్రాణమును, తన బిడ్డల ప్రాణములను, ఎన్నడును కనివిని యెరుగని పనివారి చేతులలో నుంచినవాడగుచున్నాడు. కావున వంతెన మరమ్మతు ముగిసినదా లేదా యను ప్రశ్న యింజనీర్లకు మాత్రమే చెందినది కాదు. రైలెక్కు ప్రతి కుటుంబమునకును చెందినది. ఎవరును చూడనందువలన కూలిన వంతెనలు కొన్ని కలవు. చూచి, చేయిపెట్టి, సగము సరిచేసి, పని తీరినదని తలచినపిమ్మట కూలినవియు కలవు. రెండవ తెగకు చెందిన రెండు వృత్తాంతములను, అవి మన దేశమునకు నేర్పిన పాఠమును, అందులో నింకను మనము నేర్వని భాగమును ఇచ్చట విన్నవింతును.

మొదటిది ఇంగ్లండు దేశమున చెస్టరు పట్టణముకడ డీ నదిపై 1846వ సంవత్సరమున ముగిసిన వంతెన. దానిని నిర్మించినవాడు ఆ కాలపు ఇంజనీర్లలో నగ్రగణ్యుడైన రాబర్టు స్టీఫెన్సను. ఒక్కొక్కటి 98 అడుగుల నిడివిగల మూడు ఎడములను పోత ఇనుప దూలములతో దాటించి, ఆ దూలములను చేత ఇనుప కమ్మీలతో బిగించిరి. పోత ఇనుము పైనుండి పడు నొత్తిడికి చక్కగా నోర్చును. లాగుడునకు మాత్ర మోర్వజాలదు. చేత ఇనుమువలె ముందు వంగి హెచ్చరింపదు, ఒక్కసారిగా విరుగును. ఈ భేదము నాటి యింజనీర్లకు తెలియనిది కాదు గాని, దాని పూర్ణఫలము నింకను వారు గ్రహింపలేదు.

ఆ వంతెన నేల చెక్కతో కట్టినది. ఇంజనునుండి రాలు నిప్పురవ్వలవలన చెక్క యంటుకొనునను భయము స్టీఫెన్సనునకు కలిగెను. అది న్యాయమైన భయమే. వేరొక రైలుదారిలో వంతెన యొకటి యట్లే తగులబడియుండెను. కావున 1847 మే 24వ తేదీని చెక్కలపై కంకర పరపించిరి. అది వంతెన రక్షణకై చేసిన పని; సదుద్దేశముతో చేసిన పని. ఆ సాయంకాలమే దానిపై బోవుచున్న రైలుక్రింద దూలము విరిగి, బండ్లు నదిలో పడి, అయిదుగురు మరణించిరి. ఇంజను మాత్ర మావలియొడ్డు చేరెను. దాని నడుపరి వెనుకవచ్చు బండ్ల నాపుటకై, మిగిలియున్న రెండవ దారిమీదుగా వంతెనను మరల దాటి పోయి వార్త తెలిపెనని చెప్పుదురు.

నిప్పునకు వెరచి బరువును మరచిరి. ఒక యపాయమును తొలగించుటకై చేసిన మరమ్మతు రెండవ యపాయమును తెచ్చిపెట్టెను. కంకర పరచువారికి తాము వేయు తట్టలబరువు దూలమున కెంతయగునో లెక్క చెప్పినవారు లేరు. రైలును దాటనిచ్చుటకు ముందు, మారిన వంతెనను మరల పరీక్షించినవారును లేరు. ఈ యనర్థముపిమ్మట రైలుకట్టడములలో ఇనుము వాడుకనుగూర్చి విచారించుట కొక రాజకీయసంఘము నేర్పరచిరి. అది 1849లో తన నివేదికను సమర్పించెను.

రెండవ వృత్తాంతము దీనికంటె ఘోరమైనది. స్కాట్లండులో డండీ పట్టణముకడ టే నది సముద్రమువలె విశాలమై యుండును. దానిపై సర్ థామసు బౌచి నిర్మించిన వంతెన దాదాపు రెండు మైళ్ల పొడవుగలది, ఎడములు 85. అందు నడుమ నున్న 13 ఎడములు, ఓడలు క్రిందుగా పోవుటకై, తక్కినవానికంటె నెత్తున కట్టబడినవి. 1878 జూను 1వ తేదీని అది తెరువబడెను. మరుసటి యేట విక్టోరియా రాణి దానిమీదుగా ప్రయాణము చేసెను. పిమ్మట కొలదిదినములకే బౌచికి సర్ బిరుదు లభించెను.

ఈ వంతెన పుట్టుకలోనే లోపములు కొన్ని కలవు. మొదట ఇటుకస్తంభములు కట్టదలచిరి. నదిగర్భమున రాయి తాము తలచినట్లు లేకపోవుటచే, బరువు తగ్గించుటకై పోత ఇనుప గొట్టముల స్తంభములను నిలిపిరి. ఆ గొట్టములను ఒకదానితో నొకటి బిగించు కట్టుకమ్మీలను, గొట్టముతోపాటు పోతపోసిన చెవులకు తగిలించిరి. పోతలో బుడగలు, పగుళ్లు వచ్చినచోట్ల తేనెమైనము, గుగ్గిలమువంటి జిగురు, ఇనుపరజను, దీపపుమసి కలిపిన ముద్దతో పూడ్చి నునుపుచేసిరి. బీటలో సున్నము కూరిన గృహస్థుడు చదువరులకు జ్ఞప్తికి వచ్చుచుండును. 1877 ఫిబ్రవరిలో కట్టుచుండగనే పెనుగాలికి రెండు గొప్ప దూలములు నదిలో పడెను. అందొకదానిని సాపుచేసి మరల వంతెనలోనే వాడిరి. గాలి ఆ విధముగా నొక హెచ్చరిక చేసినను, గాలి నోర్చుటకు ప్రత్యేకముగా లెక్క కట్టలేదని బౌచి తరువాత విచారణలో నొప్పుకొనెను.

ప్రభుత్వముపక్షమున మేజర్ జనరల్ హచిన్సను 1878 ఫిబ్రవరిలో మూడుదినములు పరీక్షించెను. ఒక్కొక్కటి 73 టన్నుల బరువుగల ఆరు ఇంజనులను వరుసగా కట్టి వంతెనపై నడపించి చూచెను. బండ్లు గంటకు 25 మైళ్లకు మించి పోరాదని సూచించెను. గాలి తీవ్రముగా వీచునపుడు రైలు పోవుచుండగా వంతెన యెట్లుండునో చూడవలెనని తన నివేదికలో వ్రాసెను. కాని యనారోగ్యమువలన ఆ చూపు చూడలేకపోయెను. అతనికి బదులు వేరొకరును చూడలేదు. వంతెన తెరువబడెను; పరీక్ష మాత్రము ముగియలేదు.

తెరచిన కొలదినెలలకే స్తంభములు పలుకనారంభించెను. వంతెనను కనిపెట్టియుండుటకు నియమింపబడిన హెన్రీ నోబులు అనువాడు 1878 అక్టోబరులో, స్తంభముల పునాదులు చూచుచుండగా, కట్టుకమ్మీలు కదలి గలగల చప్పుడగుట వినెను. నోబులు తాపీపని తెలిసినవాడు. అతని ముఖ్యమైన పని నదిప్రవాహము స్తంభములమొదట మన్ను కోయుచున్నదేమో చూచుట. ఇనుపపని యాతడు నేర్చినది కాదు. నేర్చినవారి నెవరిని ఆ పనికి నియమింపలేదు. అయినను నోబులు సోమరి కాడు. ఇనుపముక్కలు కొని తెచ్చి, వదులైన చోట్ల సందులలో బిగించెను. చప్పుడాగెను.

చప్పుడాగెనే గాని లోపము పోలేదు. కమ్మీ వదులగుట కారణము కాదు, కార్యము. చెవుల రంధ్రములు సరిగా తొలువబడక మొనవైపు సన్నగిల్లియుండెను. గాలికిని బండ్ల యదురునకును స్తంభములు కదలుచుండెను. కమ్మీలు వానిని పట్టియుంచలేకుండెను. సందులో దిగిన ఇనుపముక్క కమ్మీని కదలకుండ చేయునే కాని, స్తంభమును నిలుపుటకు వలయు బిగువును దానికి తిరిగి యీయదు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. నోబులు ఈ వదులును గూర్చి బౌచికి తెలుపలేదు. కొన్ని గొట్టములు నిలువునా పగిలినపుడు మాత్రము తెలిపెను. వానికి ఇనుపకట్లు వేయించిరి. అదియు పగులును కట్టుట యేగాని, ఎందుకు పగిలినదని యడుగుట కాదు.

వంతెనపై వేరు కన్నులును లేకపోలేదు. 1879 వేసవిలో రంగులు వేసిన పనివారు, బండి పోవునపుడు వంతెన ఊగుట యెరుగుదుమని తరువాత సాక్ష్యమిచ్చిరి. డండీ పురపాలకసంఘమునకు పూర్వాధ్యక్షుడైన యొక పెద్దమనుష్యుడు ప్రతిదినము ప్రయాణము చేయుచు, గడియారము చేతబట్టి వేగమును లెక్కించి, బండ్లు నియమించిన 25 మైళ్లకంటె నెక్కువ వేగముగా పోవుచున్నవని స్టేషను అధికారికి ఫిర్యాదు చేసెను. ఫలము కానరాక, ఆ దిక్కుగా పోవునపుడు రైలు మాని పడవ నెక్కెను. పనివారు చూచిరి, ప్రయాణికుడు చెప్పెను, కాపరి సందులు పూడ్చెను. ఈ మూడు మాటలును ఒక్కచోట చేరి, రైళ్ల నాపు నధికారముగల యొక్కని చెవిని పడలేదు. పడవలసిన చోటు బౌచియే. ఏలయన వంతెనను కట్టినవాడే దాని పోషణను చూచుటకు సహితము కంపెనీచే నియుక్తుడై యుండెను. తాను కట్టినది చెడినదని తానే తీర్పు చెప్పవలసిన స్థితిలో మనుష్యుని నుంచుట ధర్మము కాదు.

1879 డిసెంబరు 28, ఆదివారము. రాత్రి ఏడుగంటలు దాటినది. పడమటినుండి పెనుగాలి వీచుచుండెను. బండి ఎత్తైన దూలములలో ప్రవేశించెను. ఆ పదుమూడు ఎడములును, వాని స్తంభములును, బండితో గూడ నదిలో గూలెను. బ్రతికి బయటపడినవాడొక్కడును లేడు. మృతులు 75 మందియని నాడు లెక్కించిరి. పేళ్లతో నిర్ధారణయైనవారు 59 మంది.

విచారణకు కూర్చున్నవారు ముగ్గురు: రాథరీ, కర్నలు యోలండు, బార్లో. వంతెన కల్పనయు, కట్టుబడియు, పోషణయు మూడును చెడ్డవని వారు తేల్చిరి. చెవులను తెచ్చి లాగి పరీక్షింపగా, 60 టన్నుల కోర్వవలసినవి సుమారు 20 టన్నులకే విరిగెను. దోషములో ముఖ్యభాగము బౌచిదేయని రాథరీ స్పష్టముగా వ్రాసెను. బౌచి 1880 అక్టోబరులోనే మరణించెను. నేటికిని రైళ్లు నడచుచున్న రెండవ టే వంతెన 1887లో తెరువబడెను. దాని ప్రక్కను పాత స్తంభముల మొండెములు నీటిమట్టమున నేటికిని కనబడుచున్నవి.

ఈ కథ విన్నవారు బౌచిని నిందించి తృప్తి నొందుదురు. నిందింపదగినవాడే. కాని మనము నేర్వవలసినది నోబులు చేసిన పనినుండి. అతడు దుర్మార్గుడు కాడు, లంచము తినలేదు, పని యెగవేయలేదు. తనకు తెలిసినంత చేసి, చేసినది చాలుననుకొనెను. మన యాఫీసులలోను, మునిసిపాలిటీలలోను, మన యిండ్లలోను ప్రతిదినము జరుగు తప్పిదమిదియే. అపాయమును చూచినవాడు చప్పుడును మాన్పి, అపాయమే మానెనని నమ్ముచున్నాడు. మరమ్మతు ముగిసినదని చెప్పుటకు నాలుగు సంగతులు వలయును. లోపమునకు కారణ మేమో తెలియవలెను. చేసిన పని కొత్త లోపమును తేలేదని లెక్కవలనను పరీక్షవలనను తేలవలెను. ఏమి చేసిరో, ఏమి మిగిలినదో కాగితముపై నుండవలెను. ఆ కాగితము, పని చేసినవాడును చేయించినవాడును గాని వేరొకని చేతికి పోవలెను. అతనికి రైలు నాపు నధికార ముండవలెను. డీ వంతెనలో రెండవది లేదు. టే వంతెనలో నాలుగును లేవు.

ఈ నాలుగవ సంగతిని మన దేశము కొంతవరకు గ్రహించినది. రైళ్లను తనిఖీచేయు ప్రభుత్వ ఇన్స్పెక్టర్లు రైల్వేబోర్డు చేతిక్రిందనే యుండుట తగదని తలచి, 1941లో వారిని వేరుచేసిరి. 1961లో ఆ శాఖకు రైల్వే భద్రతా కమిషను అను పేరు వచ్చెను. అది నేడు రైల్వేమంత్రిశాఖలో గాక, పౌరవిమానయాన శాఖలో నున్నది. 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము కొత్తదారి తెరచుటకు మాత్రమే గాక, కట్టడపు స్వరూపమును ముఖ్యముగా మార్చు మార్పులకును, పునర్నిర్మాణములకును సహితము ఈ తనిఖీ వలయును. ఇది సామాన్యమైన సంస్కారము కాదు. తన తప్పును తానే తీర్పు చెప్పుకొనుట కూడదను నీతి ఇందు చట్టరూపము దాల్చినది.

అయినను చట్టము పెద్దమార్పును చూచును. సందులో దిగు ఇనుపముక్కను చూడదు. చిన్న మరమ్మతు చిన్నయుద్యోగి మనస్సాక్షికే విడువబడుచున్నది. అంతేగాక వంతెనకు కీడు దానియందే పుట్టవలెనను నియమము లేదు. 1956 సెప్టెంబరు 2వ తేదీని జడ్చర్ల మహబూబునగరముల నడుమ వరద తాకిడికి వంతెన కూలి, నూటికి పైగా ప్రయాణికులు మరణించిరి. రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా నీయబోగా ప్రధాని యంగీకరింపలేదు. ఆ నవంబరులోనే తమిళదేశమున అరియలూరుకడ మరియొక వంతెన కూలి, మరియొక రైలు పడగా, ఆయన మరల రాజీనామా యిచ్చి పదవి విడిచెను. దేశమంతయు నాయన నిజాయితీని శ్లాఘించెను, శ్లాఘింపదగినదే. కాని కూలినపిమ్మట పైవాడు పదవి విడుచుటకంటె, కూలకమునుపు క్రిందివాడు రైలు నాపగలుగుట ప్రజలకు మేలు. 2005 అక్టోబరు 29వ తేదీని వలిగొండకడ, భారీవర్షములకు ఎగువచెరువునుండి వచ్చిపడిన వరద చిన్నవంతెనను కొట్టుకొనిపోగా, తెల్లవారుజామున డెల్టా ప్యాసింజరు దానిలో పడెను. అప్పుడును మృతులు నూటికి పైమాటయే. చెరువుగట్టు నొక శాఖ చూచును, రైలుకట్టను మరియొక శాఖ చూచును; నీరు శాఖల నెరుగదు. గట్టు బలహీనమైనదను వార్త వంతెనవారికి చేరకున్నచో, వంతెనకు చేసిన మరమ్మతు ఎంత చక్కనిదైనను సగమే యని గ్రహింపవలెను.

మంచి యుదాహరణమును చెప్పకపోవుట న్యాయము కాదు. రాజమహేంద్రవరముకడ గోదావరిపై 1900లో తెరచిన పాతవంతెన దాదాపు నూరేండ్లు బండ్లను మోసి, 1997లో కొత్తవంతెనకు తన భారము నప్పగించి విశ్రాంతి నొందెను. అది కూలి మానలేదు. చాలునని మనుష్యులు మాన్పించిరి. ఇక మరమ్మతు వలదు, విరామమే వలయునని గుర్తెరుగుటయు మరమ్మతులో చివరి భాగమే.

ఇక మన వంతు. దారిపైగాని వంతెనపైగాని పని పూర్తికానిచోట, వేగము తగ్గింపుమని రైలునడుపరికి వ్రాతమూలకమైన హెచ్చరిక యిచ్చుట మన రైళ్లలో నాచారము. పని కుదురుకొనుకొలది వేగమును మెట్లుమెట్లుగా పెంచుదురు. ఆ నిదానపు గంటను మన మెట్లు గడపుచున్నాము? బండి ఆలస్యమైనదని గొణుగుదుము. పెండ్లిముహూర్తము మించిపోవునని స్టేషను మాస్టరుతో కలహింతుము. త్వరపెట్టు ప్రయాణికుడు, తెలియకయే, పూర్తికాని పనిని పూర్తియైనదని వ్రాయుమని యుద్యోగిని నిర్బంధించుచున్నాడు. డండీ పెద్దమనుష్యుడు వేగము హెచ్చినదని ఫిర్యాదు చేసెను. మనలో నెందరము అట్టి ఫిర్యాదు వ్రాసితిమి?

మీ యూరి వంతెనకు మరమ్మతు జరిగి, కంకరగుట్టలు ప్రక్కనే యుండి, కమ్మీలు కప్పక వదలిపెట్టి పనివారు వెడలిపోయినచో, దానిని చూచి యూరకుండకుడు. పని ముగిసినదా యని యడుగుడు; ముగిసినదని చెప్పినవా రెవరో, దేనిని చూచి చెప్పిరో, మిగిలిన పని యేమో, అది యెప్పటికి తీరునో వ్రాతమూలకముగా కోరుడు. ఈ దేశమున 2005 నుండి సమాచారహక్కు చట్టము పౌరుల కీ యధికారము నిచ్చియున్నది. అడుగుట ఉద్యోగులపై ద్వేషము కాదు. నోబులువంటి నిజాయితీపరుడైన చిన్నయుద్యోగి తాను విన్న చప్పుడును పైకి చెప్పుటకు ధైర్యము కలుగవలెనన్న, దానిని వినగోరు ప్రజ క్రింద నుండవలెను. వెల్లవేసిన గోడను చూచి మెచ్చు చుట్టములు గల యింట బీట నెవరు చూపుదురు?